ఈగల్స్ పాటలో ‘కొలీటాస్’ అంటే పువ్వా, గంజాయా?

గుంటూరులో మేం నలుగురం ఆదివారాలు గిటార్లు పట్టుకుని కూర్చుంటాం. అమెరికా రాక్ బ్యాండ్ ఈగల్స్ వాళ్ల ‘హోటల్ కాలిఫోర్నియా’ (1976) తెలుగులో పాడదామని మొదలుపెట్టి మూడో లైన్లోనే ఇరుక్కుపోయాం. పాట మొదలైన దాదాపు నిమిషానికి, చీకట్లో ఎడారి రోడ్డు మీద పోతుంటే ‘కొలీటాస్’ వాసన వస్తోందంటాడు.

మా బావ అది గంజాయే, పాట మొత్తం మత్తులో కనిపించిందే అంటాడు. నేను ఒప్పుకోను. మిర్చి యార్డు పక్కనుంచి బండి మీద వెళ్తే ఘాటు ముక్కుకి తగిలి తుమ్ములొస్తాయి. అది మన ఊరి వాసన, ఇది వాళ్లది, అంతే.

స్పానిష్ నిఘంటువు చూశాను, ‘చిన్న తోకలు’ అని ఉంది. మెక్సికో యాసలో గంజాయి మొగ్గల్ని కూడా అలాగే అంటారట. ఎడారి పువ్వు అనేవాళ్లూ ఉన్నారు. రాసినవాళ్లలో ఒకరైన డాన్ హెన్లీ ఇంటర్వ్యూలు చదివాను. అమాయకత్వం నుంచి అనుభవంలోకి ప్రయాణమనీ, అమెరికా విచ్చలవిడితనమనీ అన్నాడు. పాట మొత్తానికి అది సరిపోతుంది కానీ ఈ ఒక్క వాసన సంగతి తేలలేదు.

‘పూల పరిమళం’ అని పాడితే బావ నవ్వాడు. ‘గంజాయి పొగ’ అని పెడితే తర్వాత వచ్చే హోటల్ కాస్తా ఆ పొగలోనే కలిసిపోయింది (ట్యూన్‌కి మాత్రం బాగానే కుదిరింది, అదే నా బాధ).

స్పానిష్ బాగా వచ్చినవాళ్లు, కాలిఫోర్నియాలో ఉన్నవాళ్లు చెప్పండి: ఆ లైన్ వినగానే అక్కడివాళ్లకి ముందు తట్టేది పువ్వా, గంజాయా?