28వ తేదీ "అమ్మానాన్నల ఇల్లు సర్దుదాం": హాలు లేదంటున్నారు, అందరూ చూడండి

తార్నాక వదిన | 2025 డిసెంబరు 20, శనివారం ఉదయం 7:40

అందరూ లేచారా? ఇవాళ 20. డిసెంబరు సెలవులకు అమెరికా నుంచి వచ్చేవాళ్లు అమ్మానాన్నల ఇంట్లో పాత సామాను, కాగితాలు ఎలా సర్దాలో చెప్పడానికి మన సంఘం పెట్టుకున్న ఆదివారం 28కి ఇంక ఎనిమిది రోజులే. పోయిన వారం ఫోన్లో అనుకున్నవి మళ్లీ రాస్తున్నాను, ఎవరి పని వాళ్లు చూసుకోండి. బ్యానరు. మైకు. 120 మందికి టిఫిను, కాఫీ. పెద్దవాళ్ల చేతికిచ్చే కాగితం, నాలుగు పేజీలు. ఇచ్చేసే బట్టలకూ సామానుకూ అట్టపెట్టెలు. గేటు దగ్గర బండ్లు చూసుకోవడానికి ఇద్దరు. ఏది అయిందో ఏది కాలేదో సాయంత్రంలోగా చెప్పాలి. బ్యానరు అచ్చుకు వెళ్లేముందు నాకొకసారి చూపించండి. పోయినేడు "ఆత్మీయ" అన్న మాట తప్పుగా అచ్చయింది, గుర్తుందిగా.

కూకట్‌పల్లి తమ్ముడు | 8:15

వదినా, బ్యానరు ఆపేయండి. మనం అనుకున్న క్లబ్‌హౌస్ హాలు ఇవ్వరట, ఇప్పుడే ఫోన్ వచ్చింది. రాత్రి కమిటీ కూర్చుందట. బయటివాళ్లు 120 మంది, పైగా పాత సామాను అనేసరికి నల్లులు, బొద్దింకలు వస్తాయని ఒకాయన లేవదీశాడు, మిగతావాళ్లు తలూపారు. ఆ పెట్టెలు సాయంత్రానికల్లా వెళ్లిపోతాయని చెప్పాను. వినలేదు.

డాలస్ ఖజానా | 8:31

అడ్వాన్సు?

కూకట్‌పల్లి తమ్ముడు | 8:33

తీసుకోలేదు. "మనవాళ్లే కదా, తర్వాత చూద్దాం" అన్నారు. అందుకే చేతిలో కాగితం కూడా లేదు.

న్యూజెర్సీ అక్క | 8:50

అంటే నోటిమాట మీద 120 మందిని పిలిచేశామా? ఇక్కడ నేను నెల రోజుల నుంచి ఒక్కొక్కళ్లకూ ఫోన్ చేసి, మీ అమ్మగారిని తప్పకుండా తీసుకురండి అని చెబుతున్నాను. ఒక్క రసీదు తీసుకోవడానికి ఏమైంది?

ఎల్బీనగర్ బాబాయి | 9:05

ధనుర్మాసం కదమ్మా, పెళ్లిళ్లు లేవు. ఫంక్షన్ హాళ్లు ఖాళీగానే ఉంటాయి. మూడు హాళ్లకు ఫోన్ చేస్తాను, గంట ఆగండి.

ఎల్బీనగర్ బాబాయి | 10:20

చేశాను. ఒకటి ఖాళీయే, కానీ ముహూర్తాలు లేని నెల కదాని రంగులు వేయిస్తున్నారు. రెండోది 65 వేలు, జనరేటరు డీజిలు వేరే, ఊడ్చే మనిషి వేరే. మూడోదాంట్లో ఆ రోజు ఏదో కంపెనీవాళ్ల ఇయర్ ఎండ్ పార్టీ.

డాలస్ ఖజానా | 10:34

సంఘం నుంచి మనకు ఆమోదం అయింది 600 డాలర్లు. ఇవాళ్టి రేటుకు దాదాపు 54 వేలు. అందులో 18 వేలు వంటాయనకు అడ్వాన్సు వెళ్లిపోయింది. 65 వేల హాలు ఎలా కుదురుతుందో నాకు అర్థం కావడం లేదు.

తార్నాక వదిన | 10:40

మా వీధిలో ఒక ట్రస్టువాళ్ల హాలుంది. అద్దె తీసుకోరు, విరాళం ఇస్తే చాలంటారు. సంఘం ఖాతా నుంచే నేరుగా పంపగలరా?

డాలస్ ఖజానా | 10:52

పంపలేం. విదేశీ సంస్థ నుంచి విరాళం తీసుకోవాలంటే ఆ ట్రస్టుకు ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ ఉండాలి. లేకపోతే వాళ్లకే చిక్కు. ముందు అడగండి.

తార్నాక వదిన | 11:30

లేదట.

న్యూజెర్సీ అక్క | 11:38

ఇదంతా నవంబరులో తేలాల్సిన విషయం. నేను అప్పుడే అడిగాను, హాలు ఖాయమేనా అని. "అక్కా టెన్షన్ పడకండి" అన్నావు తమ్ముడూ.

కూకట్‌పల్లి తమ్ముడు | 11:46

అక్కా, రసీదు రసీదు అని అక్కడ కూర్చుని అనడం సులువు. ఆఫీసు వదిలి మూడుసార్లు వెళ్లాను. వెళ్లినప్పుడల్లా సెక్రటరీ గారు వాకింగ్‌లో ఉన్నారు. మీరు బుధవారం ఫ్లయిటు దిగుతారు, ఆదివారం ఫొటోలు దిగుతారు, జనవరి 3న వెళ్లిపోతారు. తర్వాత ఆ క్లబ్‌హౌస్ ముందునుంచి రోజూ వెళ్లేది నేను.

తార్నాక వదిన | 11:47

ఇద్దరూ ఆగండి.

మల్కాజిగిరి పిన్ని | మధ్యాహ్నం 2:10

అన్నం తిని ఇప్పుడే చూశాను. ఎవరూ తిన్నట్టు లేదు.

హాలు ఎందుకమ్మా? మీరు మైకులో చెప్పబోయేదంతా నా అటక మీదే ఉంది. అటక సర్దుకోవాలి అని చెబుతుంటే 120 మంది కుర్చీల్లో కూర్చుని వినడమేంటో నాకు మొదట్నుంచీ అర్థం కాలేదు, కానీ అందరూ ఉత్సాహంగా ఉన్నారని ఊరుకున్నా. మా ఇంట్లో పెట్టండి. వాకిట్లో పాతికమంది కూర్చోవచ్చు, మామిడిచెట్టు నీడ మధ్యాహ్నం దాకా ఉంటుంది.

మొన్న గురువారం పనిమనిషి కొడుకును ఎక్కించి సగం దింపించాను. ఏమేం దిగాయో చెబితే నవ్వుతారు. హార్లిక్స్ సీసాలు పద్నాలుగు. ఎందుకు దాచానో నాకే తెలియదు. మా అత్తగారి ఇత్తడి గంగాళం, అడుగున చిల్లు. మా వారి 2003 నాటి ఎక్సరేలు. ఆయన పోయి ఆరేళ్లయింది, ఎముకలు మొన్నటిదాకా అటక మీదే ఉన్నాయి. కొండపల్లి బొమ్మల పెట్టె, దాన్ని మాత్రం దింపనివ్వలేదు, సంక్రాంతి ముందు నేనే దింపించుకుంటా.

ఇంక బిస్కెట్ల డబ్బా. నీలం రంగుది, మూత సగం తుప్పు. ఇల్లు కొన్న దస్తావేజు నకలు, ఎల్ఐసీ బాండు, స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ రసీదొకటి, ఏ లాకరుదో తెలియని తాళం చెవి, మా అబ్బాయి పదో తరగతి మార్కుల మెమో, కరెంటు బిల్లులు ఒక కట్ట, అన్నీ ఒకే రబ్బరుబ్యాండు కింద. ఆ రబ్బరు కరిగి కాగితాలకు అంటుకుపోయింది. కట్ట విప్పుతుంటే దస్తావేజు అంచు చిరిగింది. చింతపండు జాడీ కింద రెండువేల నోట్లు నాలుగు, పాత ఐదొందల నోట్లు మూడు దొరికాయి. అవి ఏం చేయాలో ఎవరైనా చెప్పండి.

తమ్ముడిని ఏమీ అనకండి. నా సిలిండర్ మోసుకొచ్చేది వాడే.

ఎల్బీనగర్ బాబాయి | 2:45

మల్కాజిగిరి వదినగారూ, ఏదీ పారేయకండి. వరసగా చెబుతాను.

స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017 ఏప్రిల్ 1న ఎస్‌బీఐలో కలిసింది. ఆ రసీదు పట్టుకుని ఎస్‌బీఐకే వెళ్లాలి. పదేళ్లు ఎవరూ కదిలించని డిపాజిట్ రిజర్వు బ్యాంకు నిధికి వెళ్తుంది, అయినా డబ్బు మునగదు, వారసులు బ్యాంకులో క్లెయిము పెట్టుకోవచ్చు. "ఉద్గమ్" అనే రిజర్వు బ్యాంకు పోర్టల్లో పేరు కొట్టి చూస్తే ఏ బ్యాంకులో ఉందో చాలావరకు తెలుస్తుంది. తాళం చెవి మీద చిన్న నంబరు ఉంటుంది, ఫొటో పెట్టండి. ఆంధ్రా బ్యాంకుదైతే అది కూడా 2020లో యూనియన్ బ్యాంకులో కలిసింది.

రెండువేల నోట్లు 2023 మేలో వెనక్కి తీసుకున్నారు, కానీ చెల్లుతాయి. మామూలు బ్యాంకులో తీసుకోరు. సైఫాబాద్‌లో రిజర్వు బ్యాంకు ఆఫీసుకు వెళ్లాలి, లేదా పోస్టులో పంపినా ఖాతాలో వేస్తారు. పాత ఐదొందలవి 2016తోనే సరి. మూడే కదా, జ్ఞాపకంగా ఉంచుకోండి. పది దాటితే దగ్గర ఉంచుకోవడమే నేరం.

ఇంకొకటి. 2025 నవంబరు 1 నుంచి బ్యాంకు ఖాతాకు నలుగురిదాకా నామినీలను పెట్టుకోవచ్చు. డిపాజిట్లకైతే ఎవరికి ఎంత శాతమో రాయొచ్చు. లాకరుకు మాత్రం ఒకరి తర్వాత ఒకరే. పిల్లలు ఇద్దరూ అక్కడే ఉన్న ఇళ్లలో ఎప్పుడో పోయినవాళ్ల పేరే ఇంకా నామినీగా ఉంటుంది. ఈ పది రోజుల్లో మారిస్తే మారినట్టు, లేకపోతే వచ్చే డిసెంబరే.

న్యూజెర్సీ అక్క | 3:20

నిద్ర పట్టలేదు. బాబాయి రాసింది మూడుసార్లు చదివాను. నేను తయారు చేసిన నాలుగు పేజీల కాగితంలో "మీ స్థలాన్ని రంగులవారీగా విభజించుకోండి" అని ఉంది. పిన్ని అటక ముందు అది చదవాలంటే నాకే సిగ్గేస్తోంది.

తమ్ముడూ, నీ షూ సైజెంత? పెట్టెలో చోటుంది.

కూకట్‌పల్లి తమ్ముడు | 3:24

తొమ్మిది.

కూకట్‌పల్లి తమ్ముడు | 3:25

నల్లరంగైతే బాగుంటుంది అక్కా.

తార్నాక వదిన | సాయంత్రం 5:10

సరే, ఇలా చేద్దాం. చిక్కడపల్లి మెట్రో దగ్గరి గానసభ అడుగుదామని ఒకరు నాకు విడిగా మెసేజ్ పెట్టారు. అక్కడ వేదిక ఉంటుంది, కుర్చీలుంటాయి. అటక ఉండదు. అందుకే ఇళ్లలోనే పెడదాం. పిన్ని ఇల్లు ఒకటి, బాబాయి ఇల్లు ఒకటి, మా ఇల్లు ఒకటి. ఎవరికి ఏది దగ్గరైతే వాళ్లు అక్కడికి. ఇంటికి పాతికమంది. మిగిలిన వాళ్లకు 29న మళ్లీ ఒక విడత.

ఒక్కో ఇంట్లో ఒక్కో పని, నిజంగా చేసి చూపిద్దాం. పిన్ని దగ్గర అటక, కాగితాలు. బాబాయి దగ్గర బ్యాంకు, పెన్షను. మా ఇంట్లో మందులు, బట్టలు. మా అత్తగారి మందుల డబ్బా నిన్న దించాను. 31 స్ట్రిప్పుల్లో 12 తేదీ దాటినవి. స్ట్రిప్పు మీద నెల మాత్రమే వేస్తే ఆ నెల చివరి రోజు దాకా వాడొచ్చు, అది తెలియక బాగున్నవి రెండు పారేశాను. మాత్రలు కత్తిరించుకునేటప్పుడు తేదీ ఉన్న వైపు చివరిదాకా ఉంచుకోవాలని ఆవిడకి చెప్పా. "నాకు తెలుసు" అంది. డబ్బాలో తేదీ లేని ముక్కలు తొమ్మిదున్నాయి.

ఎల్బీనగర్ బాబాయి | 5:40

పెన్షను మాట వచ్చింది కాబట్టి. సెంట్రల్ పెన్షన్ వాళ్లు జీవన్ ప్రమాణ్ (బతికి ఉన్నామనే సర్టిఫికెట్) నవంబరులోనే ఇవ్వాలి, 80 దాటితే అక్టోబరు నుంచే ఇవ్వొచ్చు. ఇవ్వనివాళ్లకు డిసెంబరు పెన్షను పడదు, వాళ్లు పిల్లలకు చెప్పరు. ఇంటికి రాగానే పాస్‌బుక్కు చూడండి. ఫోన్లో ముఖం చూపించి ఇంట్లోనే చేసేయొచ్చు.

అక్కడే స్థిరపడ్డవాళ్లు మీ పాత సేవింగ్స్ ఖాతాను ఎన్ఆర్ఓగా, అంటే విదేశాల్లో ఉండేవాళ్ల ఖాతాగా, మార్పించుకున్నారా? చెయ్యి ఎత్తమని అడగను.

డాలస్ ఖజానా | 5:58

నేను మార్చలేదు.

ఎల్బీనగర్ బాబాయి | 6:01

ఖజానా గారూ!

తార్నాక వదిన | 6:30

వంటాయనతో మాట్లాడాను. అడ్వాన్సు తిరిగివ్వడట. 18 వేలకు మూడు ఇళ్లకూ పులిహోర, దద్దోజనం పొట్లాలు కట్టి పంపుతాడు. ఉప్మా లేదు. కాఫీ ఎవరింట్లో వాళ్లే.

న్యూజెర్సీ అక్క | ఆదివారం ఉదయం 6:45

ఒక చిన్న మాట, మూడు ఇళ్లలోనూ చెప్పండి. తిరుగు ప్రయాణంలో అమ్మలు బలవంతంగా పెట్టేవాటిలో బియ్యం, పచ్చి కరివేపాకు తీసేయించండి. అమెరికాలో రెండూ లాగేస్తారు. అమ్మ ముందు "సరే" అని పెట్టించుకుని ఎయిర్‌పోర్టులో పారేసేవాళ్లను చూశాను, ఒకసారి నేనే. మాంసం లేని పచ్చళ్లకు ఇబ్బంది లేదు. ఇరవైమూడు కిలోల పెట్టె ఇంట్లోనే తూచుకోండి, తమ్ముడి దగ్గర కొక్కెం త్రాసు ఉంది.

కూకట్‌పల్లి తమ్ముడు | 7:30

ఉంది. ఇచ్చేసే బట్టలకు పెట్టెలు తేను, రెండు దుప్పట్లు పరుద్దాం. ఉతికినవి, గుండీలున్నవి ఒకదాంట్లో, చిరిగినవి ఇంకోదాంట్లో. చిరిగినవి ఎవరికీ ఇవ్వం, తుడుపుగుడ్డలు. పట్టుచీరలు ఎవరూ అందులో వేయకుండా చూడాలి, పోయినేడు ఒక ఆంటీ సాయంత్రం వెతుక్కుంటూ వచ్చారు.

మల్కాజిగిరి పిన్ని | 7:52

పట్టుచీరలు మూణ్ణెల్లకోసారి మడత మార్చాలి, లేకపోతే జరీ మడత దగ్గరే తెగుతుంది. పాత కాటన్ పంచెలో చుట్టి పెట్టండి. కలరా ఉండలు జరీకి తగలకూడదు. ఇది చెప్పడానికి నాకు మైకు అక్కర్లేదు.

ఇంకో మాట. పాత సామాను దించగానే భోగి మంటలో వేద్దాం అంటారు పిల్లలు. కర్ర వేసుకోండి. ప్లైవుడ్డు, రెక్సిను, ప్లాస్టిక్ కుర్చీలు వేస్తే ఆ పొగ మొత్తం నా వాకిట్లోకే వస్తుంది. ఎక్సరేలు కూడా వద్దు.

డాలస్ ఖజానా | 8:20

ఖర్చు: వంట 18 వేలు, కుర్చీల అద్దె ఉంటే చెప్పండి. మిగిలింది వెనక్కి. బ్యానరుకు డబ్బు ఇచ్చామా?

తార్నాక వదిన | 8:22

బ్యానరు ఏమిటి?

తార్నాక వదిన | 8:23

ఓహ్. లేదు. కాగితానికి బదులు ప్రతి ఇంటికీ ఒక ప్లాస్టిక్ ఫోల్డరు, ఐదు అరలది, కోఠిలో తెస్తాను. ఇల్లు, బ్యాంకు, ఆరోగ్యం, గుర్తింపుకార్డులు, ఇంకోటి ఖాళీ. పెద్దవాళ్ల చేత వాళ్ల చేతిరాతతోనే అరల మీద పేర్లు రాయిద్దాం. మనం రాస్తే మళ్లీ బిస్కెట్ల డబ్బాకే వెళ్తాయి.

పిన్నీ, నిచ్చెన ఉందా?

మల్కాజిగిరి పిన్ని | 8:40

పక్కింటి టైలరు దగ్గరుంది. కింద నుంచి మూడో మెట్టు లేదు. ఎక్కేవాడికి ముందే చెప్పండి.

కూకట్‌పల్లి తమ్ముడు | 8:44

నేనే ఎక్కుతాను పిన్నీ. కొత్త షూ వేసుకుని.

మల్కాజిగిరి పిన్ని | 8:46

కాళ్లు కడుక్కుని ఎక్కు. పైన బొమ్మల పెట్టె ఉంది.