అటారీ సూపర్‌మ్యాన్ ముందు సన్‌సాఫ్ట్ బ్యాట్‌మ్యాన్ దిగదుడుపేనా?

పాతజాయ్‌స్టిక్: నా మాట ముందే చెప్పేస్తున్నా. సూపర్‌హీరో అంటే ఏంటో పట్టుకున్న ఆట 1979లో అటారీ 2600 అనే ఇంటి వీడియోగేమ్ మిషన్‌కి వచ్చిన సూపర్‌మ్యానే. జాన్ డన్ 4 కిలోబైట్లలో చేశాడు. వంతెన పేలిపోతుంది, మూడు ముక్కలూ వెతికి తెచ్చి అతికించాలి, విలన్ లూథర్‌నీ దొంగల్నీ జైల్లో వేసి, మళ్లీ మామూలు మనిషి క్లార్క్‌గా మారి ఆఫీసుకెళ్లాలి. ఎంతసేపట్లో చేశావన్నదే లెక్క, చావు లేదు. సూపర్‌మ్యాన్ బలం లాగేసే క్రిప్టోనైట్ తగిలితే ఎగరలేవు, ప్రియురాలు లోయిస్ ముద్దు పెట్టేదాకా నడకే. సన్‌సాఫ్ట్ కంపెనీ 1989లో నింటెండో మిషన్‌కి చేసిన బ్యాట్‌మ్యాన్ బాగుంటుంది, కాదనను, కానీ ఆ చెవులు తీసేస్తే ఎవడో నింజా.

గోడమీదబల్లి: చావు లేకపోతే అది ఆటేంటండీ? బ్యాట్‌మ్యాన్‌లో ఓ గోడని తన్ని ఎదుటి గోడ మీదికి, అక్కణ్ణుంచి మళ్లీ ఇటు, అలా పైకి పోతుంటే బొటనవేలు బొబ్బ కట్టేది. అలా సాధిస్తేనే హీరో. మీ సూపర్‌మ్యాన్ నాలుగు గళ్ల బొమ్మ.

సరదాకి: ఆ వంతెన ముక్కని హెలికాప్టర్ ఎత్తుకెళ్లి ఇంకెక్కడో పడేస్తుంది. అసలు విలన్ అదే :)

పాతజాయ్‌స్టిక్: బ్యాట్‌మ్యాన్ చేతికి తుపాకీ ఇచ్చిన ఆటని వెనకేసుకొస్తున్నారా?

గోడమీదబల్లి: అది ఈటెలు వదిలే స్పియర్ గన్. తుపాకీ కాదు.

పాతజాయ్‌స్టిక్: పేరులోనే గన్ ఉంది కదండీ!

సాలెగూడు: అటారీకే వచ్చిన 1982 స్పైడర్‌మ్యాన్‌ని ఎవరూ తలవరేం? దారం భవనానికి అతక్కపోతే కింద పడటమే. లారా నికోలిచ్ చేసిన ఆట.

గోడమీదబల్లి: తర్వాత మాట్లాడుకుందాం. సార్, మీరు బ్యాట్‌మ్యాన్ ఎన్ని స్టేజీలు ఆడారో ముందు చెప్పండి.

పాతజాయ్‌స్టిక్: ఒక్కటే. సరిపోతుందా? వేసవి సెలవుల్లో పెద్దమ్మ వాళ్లింట్లో నింటెండోకి నకలు, క్లోన్ మిషన్ ఉండేది, చస్తే చెయ్యి మారాలని రూలు. నేను అర నిమిషంలో చచ్చేవాణ్ణి, అన్నయ్య ముప్పావుగంట ఆడేవాడు. మధ్యలో కరెంటు పోయేది. అయిదేళ్ల తర్వాత, పాత ఆటల్ని కంప్యూటర్లో ఆడించే ఎమ్యులేటర్లో సూపర్‌మ్యాన్ పెట్టుకుంటే మొదటిసారే ఎగిరాను, ఎవరూ లాక్కోలేదు.

గోడమీదబల్లి: అంటే మీ అన్నయ్య మీద కోపం ఆట మీద తీరుస్తున్నారన్నమాట.

పాతజాయ్‌స్టిక్: అవును, తీరుస్తున్నా. హీరో వేషం ఇచ్చాక అయిదు నిమిషాలైనా హీరోగా ఉండనివ్వాలి. మీకేమో గెలిచినవాడే హీరో, మిగతావాళ్లు పక్కన కూర్చుని చూడాలి. గొడవంతా అక్కడుంది, తుపాకీ దగ్గర కాదు.

గోడమీదబల్లి: నేను తమ్ముణ్ణి అలాగే కూర్చోబెట్టాను, ఒప్పుకుంటా. కానీ వాడే చివరికి జోకర్‌ని నాకంటే ముందు కొట్టాడు, చూసి చూసి నేర్చుకుని.

గోడమీదబల్లి: స్పియర్ గన్ మాత్రం తుపాకీ కాదు.