వీసీలో ఆయన అరిస్తే దమ్ము, నేను అరిస్తే ‘నీళ్లు తాగండి మేడం’

లెడ్జర్‌పాప:
ప్రభుత్వ రంగ బ్యాంకులో స్కేల్-2 ఆఫీసర్‌ని. ఊరూ బ్యాంకు పేరూ వద్దు. మార్చి క్లోజింగ్‌కి ముందు మా రీజినల్ ఆఫీసు వాళ్లు రాత్రి ఏడున్నరకి వీసీ (వీడియో కాన్ఫరెన్స్) పెట్టి, ఎన్‌పీఏలు, అంటే మొండి బకాయిలు, ఎందుకు పెరిగాయని ఒక్కో బ్రాంచినీ లేపి అడగడం మొదలుపెట్టారు. పక్క బ్రాంచి మేనేజర్ వంతు రాగానే ఆయన ఫైలు తీసి టేబుల్ మీద కొట్టి, "ఇద్దరు మనుషులతో బ్రాంచి నడుపుతున్నాం సార్, పంట రుణాలు రెన్యువల్ చేయమంటారా, రికవరీకి ఊళ్లు తిరగమంటారా" అని గట్టిగానే అరిచాడు. ఆర్‌ఎం (రీజినల్ మేనేజర్) గారు కాసేపు ఆగి "సరే సరే, స్టాఫ్ సంగతి చూద్దాం" అన్నారు. మా వాట్సాప్ గ్రూపులో వెంటనే "దమ్మున్న మేనేజర్" అని చప్పట్ల బొమ్మలు.

పది నిమిషాలకి నా వంతు. మా మేనేజర్ సెలవులో ఉన్నారు, ఇన్‌చార్జి నేనే. అదే సమస్య, దాదాపు అవే మాటలు, ఫైలు మాత్రం కొట్టలేదు. గొంతు పెరిగిన మాట నిజం. సగంలో ఉండగానే "మేడం, మేడం, ముందు కొంచెం నీళ్లు తాగండి" అన్నారు. ఎవరో కిసుక్కున నవ్వారు. నన్ను మ్యూట్‌లో పెట్టి తర్వాతి బ్రాంచికి వెళ్లిపోయారు. మర్నాడు రీజినల్ ఆఫీసు నుంచి ఒకాయన ఫోన్ చేసి ఎంతో ప్రేమగా "ఇంట్లో అంతా బాగానే ఉంది కదమ్మా?" అని అడిగారు. ఇంట్లో బ్రహ్మాండంగా ఉందండీ, బ్రాంచిలోనే క్లర్కు లేడు!

ఇంకో చిక్కేంటంటే, నాకు కోపం వస్తే కళ్లలో నీళ్లొస్తాయి. బాధతో కాదు, ఒళ్లు మండి. ఆ రోజు కెమెరాలో అదీ కనిపించినట్టుంది. మొన్న ఏపీఏఆర్ (ఏటా పైవాళ్లు మన పనితీరు మీద రాసే రిపోర్టు) చూసుకుంటే "ఒత్తిడిలో భావోద్వేగాలకు లోనవుతారు" అని ఒక ముక్క. దీనికి ఏం జవాబు రాయాలి? లేక ఇకనుంచి నోరు మూసుకుని కూర్చోవడమేనా?

వంకాయ్‌కూర:
మేడం, తప్పుగా అనుకోకండి, ప్రతిదాంట్లోకీ ఆడా మగా ఎందుకు తేవడం? వీసీల్లో అందర్నీ వాయిస్తారు. నన్ను నలభై మంది ముందు "నీకిచ్చే జీతం దండగ" అన్నారు, తల వంచుకుని విన్నా. ఆ మేనేజర్ ఆర్‌ఎంకి పాత పరిచయమై ఉండొచ్చు, అంతే.

రాత్రిషిఫ్ట్:
వంకాయ్‌కూర గారూ, తిట్లు అందరికీ సమానమే, ఒప్పుకుంటా. తిరిగి మాట్లాడితే ఎవరికి ఏమవుతుందన్నది కదా ఆవిడ అడిగేది. దీనిమీద అమెరికాలో విక్టోరియా బ్రెస్కాల్, ఎరిక్ ఉల్మన్ అనే ఇద్దరు చేసిన పరిశోధన 2008లో సైకలాజికల్ సైన్స్ పత్రికలో వచ్చింది. నటుల చేత ఉద్యోగ ఇంటర్వ్యూలు చేయించి ఆ వీడియోలు జనానికి చూపించారు. ఆఫీసులో జరిగిన ఒక విషయం గురించి మగాయన కోపంగా చెబితే చూసినవాళ్లు ఆయనకి హోదా పెంచారు, ఆవిడ కోపంగా చెబితే హోదా, జీతం రెండూ తగ్గించారు. ఎందుకయ్యా అంటే, ఆయన కోపానికి కారణం పరిస్థితిలో వెతికారు, ఆవిడ కోపానికి కారణం ఆవిడ స్వభావంలో వెతికారు. మన భాషలోనే చూడండి. ఆయనకి "కోపమెక్కువే గానీ మనసు వెన్న", ఆవిడ "గయ్యాళి". గయ్యాళికి పుంలింగం ఏంటో ఎవరైనా చెప్పండి చూద్దాం.

ఆ పరిశోధనలో పనికొచ్చే ముక్క ఒకటుంది. తన కోపానికి బయటి కారణం ఫలానా అని ఆవిడే చెప్పినప్పుడు ఆ తేడా పోయింది. నేను హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ టీమ్ లీడ్‌ని, రిలీజ్ రాత్రుల్లో అదే పాటిస్తున్నా. గొంతు పెంచే ముందే అంకె చెప్పేస్తా: "ఆరుగురి పని ముగ్గురం చేస్తున్నాం, నా కోపం అందుకు". మగవాళ్లెవరూ ఇలా రసీదు చూపించి కోప్పడక్కర్లేదు, అది తలుచుకుంటే మళ్లీ ఒళ్లు మండుతుంది, అది వేరే సంగతి.

బ్యాగుమోసేవాడు:
అక్కా, దీనికి రెండో వైపు కూడా ఉంది. "నవ్వే ఆడదాన్నీ ఏడ్చే మగవాడినీ నమ్మరాదు" అని మనవాళ్లు ఒకే సామెతలో ఇద్దరి గొంతూ నొక్కేశారు. నేను మెడికల్ రెప్‌ని. నాన్న పోయి పదమూడో రోజు అయ్యాక డ్యూటీలో చేరా. రివ్యూ మీటింగ్‌లో స్లైడ్ మీద నా టెరిటరీ అంకెలు ఎర్ర రంగులో ఉన్నాయి, ఆ నెలలో సగం రోజులు నేను హాస్పిటల్ వరండాలోనే ఉన్నా మరి. చెప్పబోతుంటే గొంతు పూడుకుపోయింది, ఏడ్చేశా. మా మేనేజర్ అందరి ముందు "ఏంట్రా ఆడపిల్లలా" అన్నాడు. టీ బ్రేక్‌లో ఒక్కడు కూడా నా పక్కకి రాలేదు, అందరూ ఫోన్లు చూసుకుంటున్నారు. అదే రోజు నేనూ ఫైలు విసిరికొట్టి ఉంటే "పాపం, బాధలో ఉన్నాడు" అనేవాళ్లేమో.

2019 సెప్టెంబర్ 7న విక్రమ్ ల్యాండర్ సిగ్నల్ పోయాక ఇస్రో ఛైర్మన్ శివన్ గారు ప్రధాని భుజం మీద ఏడిస్తే మా ఆఫీసు గ్రూపులో అందరూ ఆ ఫొటో పెట్టుకుని కరిగిపోయారు, ఈ మేనేజర్‌తో సహా. ఆయన ఏడుపు నిజమైనదే, కాదనను. అంత పెద్ద కుర్చీలో ఉన్న మగవాడైతే పనిమీద ప్రేమ అయింది, రెప్ ఏడిస్తే చేతకానితనం అయింది. ఆ రోజు ఆ కుర్చీలో ఒక ఆడమనిషి ఉండి ఏడ్చి ఉంటే ఏమనేవాళ్లో మీరే ఊహించుకోండి.

రిటైర్డ్‌పిన్ని:
అమ్మాయ్, నేను బ్యాంకులో 1983లో చేరాను. మొదటి ఇరవై ఏళ్లు నెమ్మదిగా నవ్వుతూ మాట్లాడా. "మేడం మంచిదే, బ్రాంచి నడిపే గట్టితనం లేదు" అని ప్రమోషన్ రెండుసార్లు ఆపారు. తర్వాత ఓ బ్రాంచికి పంపిస్తే గట్టిగానే ఉన్నా, కౌంటర్ అవతలికి వినపడేట్టు "రాక్షసి" అన్నారు. అందుకే గొంతు ఎలా పెట్టాలి, కళ్లు ఎలా తుడుచుకోవాలి అనే సలహాలు నేనివ్వను. ఏపీఏఆర్ సంగతి మాత్రం వదలకు. ఆ మాట మీద రిప్రజెంటేషన్ ఇచ్చుకోవచ్చు, గడువు మీ సర్క్యులర్‌లో చూడు, దాటనివ్వకు. పెద్ద కథ రాయకు. ఏ తేదీన, ఏ సందర్భంలో, దానివల్ల ఏ పని దెబ్బతింది, ఈ మూడూ అడుగు. సుప్రీంకోర్టు 2023 ఆగస్టులో జడ్జీలకూ లాయర్లకూ ఒక హ్యాండ్‌బుక్ విడుదల చేసింది. ఆడవాళ్లు మరీ ఎమోషనల్, నిర్ణయాలు తీసుకోలేరు అనేది తప్పుడు మూస అభిప్రాయమని అందులో ఉంది. అది బ్యాంకులకి రూలేం కాదు, కానీ ఒక లైను తగిలించు, చదివేవాడు కాస్త సర్దుకుని కూర్చుంటాడు.

వంకాయ్‌కూర:
గయ్యాళికి పుంలింగం నిన్నటి నుంచి వెతుకుతున్నా. మా ఆవిడ్ని అడిగితే "బాస్" అంది.

లెడ్జర్‌పాప:
పిన్ని గారూ, రాసి పంపించేశా, పావు పేజీ. ఆ రోజు వీసీ రికార్డింగ్ అడిగితే లేదన్నారు, మీటింగ్‌లో ఏం జరిగిందో రాసుకున్న మినిట్స్ పంపారు. అందులో ఆ మేనేజర్ పేరు కింద "సిబ్బంది కొరత ప్రస్తావించారు" అని ఉంది. నా బ్రాంచి పేరు కింద "సూచనలు ఇవ్వబడినవి" అని ఉంది. అదే కాగితం జత చేశా. బ్యాగుమోసేవాడూ, నాన్నగారి సంగతి చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు తమ్ముడూ. ఇవాళ ఏడున్నరకి మళ్లీ వీసీ ఉంది. సిబ్బంది లెక్క కాగితం మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టుకున్నా. నీళ్లు ముందే తాగేసి కూర్చుంటా.