ద్రాక్ష పందిరికి మన పొలం కర్రలు సరిపోతాయా, రాతి కడీలే వెయ్యాలా?

మేడ్చల్ రైతుబిడ్డ:
ఎకరంలో థాంసన్ రకం ద్రాక్ష పెడదాం అనుకుంటున్నా. గట్టు మీద జామాయిల్ బాగా ఎదిగింది, పదేళ్ల టేకు కూడా కొంత ఉంది. ఇంట్లో ఇంత కర్ర పెట్టుకుని బయట రాతి కడీలు కొనుడేంది అని మా నాయన. చేసినోళ్లు చెప్పండి.

మదనపల్లె మామ:
వద్దు తమ్ముడూ. బీరకో కాకరకో అయితే కర్ర చాలు, కాపు అయిపోతే పీకేస్తాం. ద్రాక్ష తోట పదిహేనేళ్లు ఉండాల్సింది, పచ్చి జామాయిల్ గుంజ చెదల నేలలో రెండు మూడేళ్లకే మొదట్లో పుచ్చిపోతుంది, నిండు కాపులో అది విరిగితే పైన తీగలు అల్లుకుని ఉంటాయి, కింద కొత్తది ఎట్లా పాతుతావు?

అనంత రైతు:
మామా, న్యూజిలాండ్‌లో ద్రాక్షతోటలు చాలావరకు మందు పట్టించిన పైన్ గుంజల మీదే ఉన్నాయి కదా. కర్రది తప్పు కాదు, మందు పట్టించకపోవడమే తప్పు. రాగి, క్రోమియం, ఆర్సెనిక్ కలిపిన ఆ మందు కనిపెట్టింది మన సొంటి కామేశం గారే, 1933లో, డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో. ప్రపంచమంతా వాడింది, మనం మాత్రం గుంజకి కాలిన ఇంజనాయిలు పూసి వదిలేస్తున్నాం, అది పైపైనే ఉంటుంది లోపలికి దిగదు. మొదలు కాల్చి పాతినా అంతే, పగుళ్లలోంచి చెదలు దూరతాయి.

చేవెళ్ల శీనన్న:
ఇద్దరూ గుంజలన్నీ ఒకటే అన్నట్టు మాట్లాడుతున్నారు, నాకు బాధ అక్కడే. పందిట్లో వైర్లు లాగే బలమంతా చుట్టూ ఉన్న గుంజల మీద, ముఖ్యంగా నాలుగు మూలల మీద పడుతుంది, అందుకే వాటిని బయటికి వంచి పాతి, స్టే వైరు, అంటే గుంజని నేలకి బిగించి లాగే తీగ, కడతాం. లోపలి గుంజలు నిలువుగా బరువు మొయ్యడమే, ఒకటి పోయినా పక్కవి ఆపుతాయి, దాని పక్కనే ఇంకోటి నిలబెట్టుకోవచ్చు. కాబట్టి చుట్టూ రాయి, లోపల కర్ర. ఖర్చు ఎక్కడ పెట్టాలో అక్కడ పెట్టు తమ్మీ.

టేకు జోలికి మాత్రం పోకు. పదేళ్ల టేకులో చేవ తక్కువ, తెల్ల చెక్కే ఎక్కువ, దాన్ని చెదలు జామాయిల్ తిన్నట్టే తింటాయి, పైగా కొట్టాలంటే ఫారెస్టోళ్ల పర్మిషన్ కావాలి.

జామాయిల్ అయితే కొట్టిన రోజే తొక్క తీసి, మైలుతుత్తం, డైక్రోమేట్, బోరిక్ యాసిడ్ కలిపిన నీళ్ల డ్రమ్ములో మొదలు మునిగేట్టు నిలబెట్టాలి, పచ్చిగా ఉంటేనే ఆ నీళ్లు పైకి పీల్చుకుంటుంది, తర్వాత తిరగేసి పెట్టాలి. ఎండిన కర్రకి ఇది పనిచెయ్యదు. చేతులకి గ్లౌజులు తప్పనిసరి, డైక్రోమేట్ విషం, మిగిలిన నీళ్లు బావి దగ్గర పొయ్యొద్దు.

మదనపల్లె మామ:
లోపల కర్ర అన్నావు, సరే శీనా. గాలివానకి పందిరంతా ఊగినప్పుడు నేల మట్టం దగ్గర పుచ్చినవి వరసగా పది ఉంటే? తడీ గాలీ రెండూ తగిలేది అక్కడే. నేనైతే లోపల కూడా మూడు గుంజలకి ఒక రాయి వేస్తా.

చేవెళ్ల శీనన్న:
అది ఒప్పుకుంటా మామా. నల్లరేగడి అయితే రెండుకి ఒకటి.

మేడ్చల్ రైతుబిడ్డ:
మాది ఎర్ర నేల, చెదలు బాగానే ఉంటయ్. చుట్టూ రాయి, లోపల మూడుకి ఒకటి, నాయనతో ఇవాళే మాట్లాడతా. శీనన్న చెప్పిన ఆ మందు ఎంత నీళ్లకి ఎంత కలపాలో ఎవరన్నా చెప్పండన్నా, చెట్లు కొట్టకముందే డ్రమ్ములు రెడీ చేసుకోవాలి.