హాంకాంగ్‌లో రెండు రోజులు: అమ్మ మోకాళ్ల నొప్పితో పెద్ద బుద్ధుణ్ణి చూడగలమా?

అందరికీ నమస్కారం. వచ్చే నెల అమ్మను తీసుకుని హాంకాంగ్ వెళ్తున్నాను. ఉండేది రెండు రోజులే. రాకకు ముందు చేయాల్సిన రిజిస్ట్రేషన్ అయిపోయింది, ఆ టెన్షన్ లేదు.

లాంటావ్ దీవిలోని పెద్ద బుద్ధుణ్ణి చూడాలని అమ్మకు ఎన్నాళ్ల నుంచో ఆశ. తుంగ్ చుంగ్ నుంచి కేబుల్ కారు ఉంది, బాగానే ఉంది. కానీ విగ్రహం దగ్గరికి 268 మెట్లు! ఇంట్లో మేడ మెట్లే రెయిలింగ్ పట్టుకుని, ఒక్కో మెట్టు మీద రెండు పాదాలూ ఆనించి ఎక్కుతుంది. నడవలేని పెద్దవాళ్లను పైకి తీసుకెళ్లే దారి వేరే ఏదైనా ఉందా? కింద నుంచి చూసినా తృప్తిగా ఉంటుందా? వెళ్లొచ్చినవాళ్లు చెప్పండి, ప్లీజ్.

సాయంత్రం స్టార్ ఫెర్రీ ఎక్కి, రాత్రి 8 గంటల లైట్ల షో చూద్దామనుకుంటున్నాం. చిమ్ షా చుయ్ ఒడ్డున అమ్మ కూర్చోవడానికి చోటు దొరకాలంటే ఎన్నింటికి చేరుకోవాలి?