ఫార్మాట్ అయిన కార్డు నుంచి పెళ్లి ఫొటోలు, అమ్మబోయే డిస్కుల్లోని ఊరివాళ్ల కాగితాలు

నల్లగొండ_స్టూడియో:
నమస్కారం. మొన్న దేవరకొండ దగ్గర జరిగిన పెళ్లిలో, మధ్యాహ్నం దాకా తీసిన 64 జీబీ కార్డును ఖాళీదనుకుని మా అసిస్టెంటు కెమెరాలోనే ఫార్మాట్ చేసి, దాని మీదే అప్పగింతల ఫొటోలు ఓ ముప్పై తీశాడు. జీలకర్ర బెల్లం, పుస్తె కట్టడం, తలంబ్రాలు అన్నీ అందులోనే ఉన్నాయి. సంగతి తెలియగానే కార్డు తీసి పక్కన పెట్టాను కానీ, పెళ్లివారికి ఇంకా చెప్పలేదు. ఇటువంటి పరిస్థితి చూసినవారు దయచేసి దారి చెప్పండి.

పాలమూరు_హార్డ్‌వేర్:
అన్నా, వెంటనే కార్డు తీసేయడమే మీరు చేసిన పెద్ద మేలు. అంగట్లో ఎవరి జాగా ఎవరిదో రాసుకున్న చిట్టీ చింపేస్తే సరుకు ఎక్కడికీ పోదు, ఆ జాగాలో ఇంకొకరు వచ్చి దింపుకున్నప్పుడే పాతది పోతుంది. మామూలు ఫార్మాట్ చింపేది ఆ చిట్టీని మాత్రమే. ముందుగా కార్డు పక్కనున్న లాక్ మీటను కిందికి జరిపి, కార్డు మొత్తాన్ని ఉన్నదున్నట్టు ఒకే నకలు ఫైలుగా (దీన్నే ఇమేజ్ అంటారు) కంప్యూటర్లోకి కాపీ చేసుకోండి. తరువాత ఆ ఇమేజ్ మీద ఫొటోరెక్ అనే రికవరీ సాఫ్ట్‌వేర్ నడిపించి, దొరికినవాటిని వేరే డిస్కులో భద్రపరచండి. అది ఉచితమే. ఫైళ్ల పేర్లు మాత్రం తిరిగి రావు, కానీ తీసిన తేదీ, సమయం ఫొటోలోనే నమోదై ఉంటాయి కాబట్టి వాటిని బట్టి వరుస పెట్టుకోవచ్చు. వీడియోల మీద అంత ఆశ పెట్టుకోవద్దు, అవి కార్డులో ముక్కలుముక్కలుగా పడి ఉంటే సరిగా అతకవు.

మిర్యాలగూడ_డీటీపీ:
ఒక హెచ్చరిక. గత వేసవిలో మా హార్డ్ డిస్కు టిక్ టిక్‌మని చప్పుడు చేస్తుంటే, అది ఫైళ్లు పోయిన సమస్యేననుకుని రాత్రంతా రికవరీ సాఫ్ట్‌వేర్ నడిపాను. తెల్లవారేసరికి డిస్కు కంప్యూటరుకు కనిపించడమే మానేసింది, ఎనిమిదేళ్ల పెళ్లిపత్రికల డిజైన్లు దానితోనే పోయాయి. చప్పుడు వచ్చే డిస్కుకు వెంటనే కరెంటు ఆపి, దాన్ని విప్పి బాగుచేసే ల్యాబుకు పంపడమే మార్గం. చప్పుడు లేకుండా బ్యాడ్ సెక్టార్లు (చదవడానికి రాని చెడిన చోట్లు) మాత్రమే ఉంటే డీడీరెస్క్యూ అనే కాపీ సాఫ్ట్‌వేర్ మేలు, ఎందుకంటే అది బాగున్న భాగాలను ముందు కాపీ చేసి, చెడిన చోట్లకు చివరన వస్తుంది.

కొల్లాపూర్_ఆన్‌లైన్_సెంటర్:
నాది ఇందుకు తలకిందుల సమస్య. నాలుగు పాత కంప్యూటర్లు అమ్మాలనుకుంటున్నాను. వాటిలో ఊరివాళ్ల ఆధార్ కార్డులు, పట్టాదారు పాసుపుస్తకాలు, కులం సర్టిఫికెట్లు స్కాన్ చేసి ఉన్నాయి. నేను ఒకసారి కొన్న సెకండ్‌హ్యాండ్ డిస్కు మీద ఇదే ఫొటోరెక్ నడిపితే, ఎవరో పెద్దమ్మ బ్యాంకు పాసుబుక్కు, వేలిముద్ర వేసిన ఒక దరఖాస్తు బయటికి వచ్చాయి. ఆ రోజు నుంచి ఒక్క డిస్కూ బయటికి ఇవ్వలేదు. మూడు హార్డ్ డిస్కులు, ఒకటి ఎస్ఎస్‌డీ (చిప్పుల్లో దాచుకునే రకం డిస్కు). ఏం చేయాలి?

పాలమూరు_హార్డ్‌వేర్:
హార్డ్ డిస్కులకు విండోస్‌లో ఉండే డిస్క్‌పార్ట్ అనే సాధనంలో ‘క్లీన్ ఆల్’ ఆదేశం చాలు, ప్రతి సెక్టారులోనూ సున్నాలు రాస్తుంది. ఉత్త ‘క్లీన్’ అయితే విభజన పట్టిక (డిస్కులో ఏ భాగం ఎక్కడుందో రాసిన చిట్టీ) మాత్రమే పోతుంది, కాబట్టి ‘ఆల్’ మరిచిపోవద్దు. డిస్కు సంఖ్యను సైజుతో రెండుసార్లు సరిచూసుకోండి, పొరపాటున పనిచేస్తున్న డిస్కును తుడిస్తే వెనక్కి రాదు. 500 జీబీకి గంటన్నర, రెండు గంటలు పడుతుంది, యూపీఎస్ ఉండాలి. 35 సార్లు తుడవాలనే మాట 1996లో పీటర్ గుట్‌మన్ రాసిన వ్యాసం నుంచి వచ్చింది, అది ఆనాటి రకరకాల డిస్కులన్నింటినీ కలిపి చెప్పిన లెక్క. నేటి హార్డ్ డిస్కులకు సాధారణంగా ఒక్కసారి చాలని అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2014లో సవరించిన మార్గదర్శకాలు చెప్పాయి.

ఎస్ఎస్‌డీ సంగతి వేరు. కంప్యూటరుకు కనిపించని అదనపు చోటు దానిలో ఉంటుంది, పైనుంచి సున్నాలు రాస్తే అక్కడికి చేరవు. అందుకే బయోస్‌లోని (కంప్యూటరు ఆన్ కాగానే వచ్చే సెట్టింగుల్లోని) లేదా తయారీదారు ఇచ్చిన సెక్యూర్ ఎరేజ్ వాడాలి, అది డిస్కు తనను తానే పూర్తిగా తుడుచుకునే ఆదేశం. ఇక ముందు కొనే కంప్యూటర్లకు మొదటి రోజే బిట్‌లాకర్ (డిస్కు మొత్తాన్ని రహస్య లిపిలోకి మార్చే విండోస్ సౌకర్యం) పెట్టండి, అమ్మేనాడు తాళంచెవిని చెరిపేస్తే మిగిలినది ఎవరికీ అర్థం కాదు. ఇంకొక మాట: ట్రిమ్ (తొలగించిన ఫైళ్ల చోటును ఖాళీ చేసుకోమని డిస్కుకు చెప్పే ఏర్పాటు) పనిచేస్తున్న ఎస్ఎస్‌డీలో తొలగించిన ఫైళ్లు చాలాసార్లు నిమిషాల్లోనే అందకుండా పోతాయి, కార్డులో దక్కినట్టు అక్కడ దక్కుతాయని అనుకోవద్దు.

నల్లగొండ_స్టూడియో:
ఫొటోలు వచ్చాయి! కొత్తగా తీసిన ముప్పై ఫొటోలు కార్డు మొదట్లో పడినట్టున్నాయి, పెళ్లికూతురును చేసిన ఉదయపు ఫొటోలు కొన్ని పోయాయి. ఒకదానిలో పైసగం అమ్మాయి నుదుటి బాసికం దాకా స్పష్టంగా ఉండి, కిందంతా బూడిదరంగు పట్టీ వచ్చింది. పుస్తె కట్టిన ఘట్టం ఒక్కటీ చెడలేదు. పెళ్లివారి ఇంటికి వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పి, పోయినవాటికి డబ్బు తగ్గించుకుంటానన్నాను.

కొల్లాపూర్_ఆన్‌లైన్_సెంటర్:
మూడు హార్డ్ డిస్కులూ తుడిచి, వాటి మీద మళ్లీ ఫొటోరెక్ నడిపాను, ఒక్క ఫైలూ దొరకలేదు. ఎస్ఎస్‌డీని బయోస్ గుర్తించనే లేదు. అందుకే దాన్ని వెల్డింగ్ షాపుకు తీసుకెళ్లి, పలకను విప్పించి, చిప్పులు ఒక్కొక్కటిగా నా కళ్లముందే పగలగొట్టించాను.