డాక్టర్ చేస్తే జననాంగాల కోత వల్ల హాని తగ్గుతుందా?

సందేహి: ఈజిప్ట్, సూడాన్‌లలో ఆచారం పేరుతో ఆడపిల్లల జననాంగాల్లో కొంత భాగం కోసేస్తారు. ఈ కోత ఇప్పుడు ఎక్కువగా డాక్టర్లు, నర్సులు, శిక్షణ పొందిన మంత్రసానులే చేస్తున్నారు. ఎలాగూ మానని కుటుంబాలకు అదే నయం కదా? ప్రపంచ ఆరోగ్య సంస్థ (డబ్ల్యూహెచ్‌వో) మాత్రం వైద్య సిబ్బంది అసలు చెయ్యే పెట్టకూడదని 2010లో గట్టిగా చెప్పింది. ఇది మొండితనం కాదా?

వనజ: శుభ్రమైన బ్లేడు, మత్తుమందు కాపాడేది మొదటి కొన్ని రోజులే. చీము, ధనుర్వాతం లాంటివి తగ్గుతాయి, నిజమే. ఏళ్ల తరబడి వేధించేవాటికి మూలం మురికి కాదండీ, కోతే. తెగిన నరం కొస గడ్డ కడితే బట్ట తగిలినా ప్రాణం పోయినట్టుంటుంది. మచ్చ పడిన చర్మం సాగదు, కలయిక నరకమవుతుంది. అంచులు కోసి కలిపేసే మూడో రకంలోనైతే మూత్రం చుక్కలు చుక్కలుగా వస్తుంది, మాటిమాటికీ ఇన్ఫెక్షన్లు. నెలసరి రక్తం లోపలే నిలిచిపోయేవాళ్ళూ ఉన్నారు. థియేటర్‌లో కోస్తే ఇవి రావా?

సందేహి: మూడో రకం సరే. కొద్దిగా కోసినదాన్ని కూడా అదే గాటన కడితే ఎలా?

వనజ: కట్టడం లేదు. ఆరు ఆఫ్రికా దేశాల్లో 28,000 మందికి పైగా తల్లుల కాన్పులు పరిశీలించిన డబ్ల్యూహెచ్‌వో అధ్యయనం 2006లో వచ్చింది. కోత లేనివాళ్ళకన్నా మూడో రకం ఉన్నవాళ్ళలో సిజేరియన్లు సుమారు 30 శాతం ఎక్కువ, కాన్పయ్యాక విపరీత రక్తస్రావం సుమారు 70 శాతం ఎక్కువ. మీరన్న కొద్దిపాటి కోత, అంటే మొదటి రకంలో, ఈ రెండింటిలో చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ కాన్పు ఒక్కటేనా లెక్క? స్పర్శ పోవడం, నొప్పి, రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేవడం ఏ సిజేరియన్ లెక్కలోకి వస్తాయి? పైగా డాక్టర్ చేస్తే ప్రమాదం లేదనుకోవడం కూడా భ్రమే. 2013లో ఈజిప్ట్‌లో 13 ఏళ్ల పిల్ల డాక్టర్ కోసిన తర్వాతే చనిపోయింది. అప్పటికే అక్కడ 2008 నుంచి ఇది నేరం. ఆయనకు శిక్ష పడింది 2015లో, దేశంలో అదే మొదటిది!

మాధవి: ఈ గొడవలో ఇప్పటికే కోత పడినవాళ్ళని మర్చిపోతున్నారు. మూసేసిన దారిని కాన్పుకు ముందో, కాన్పు సమయంలోనో తెరిచే చిన్న ఆపరేషన్ ఉంది. డాక్టర్ల చెయ్యి పడాల్సింది అక్కడ.

సందేహి: కాన్పయ్యాక మళ్ళీ కుట్టమని ఆమే అడిగితే? పెద్దమనిషి, ఆమె ఇష్టం కదా?

మాధవి: సూడాన్‌లో అలా అడగడం మామూలే. ఆ అడగడం వెనక భర్త, అత్తగారు ఎంతమంది ఉంటారో చూడండి. కుడితే మూత్రం, ఇన్ఫెక్షన్ల బాధ మళ్ళీ మొదలు, వచ్చే కాన్పుకి మళ్ళీ కత్తి. నేనైతే కుట్టను.